పిల్లల మోచేతి యెముక విఱిగినప్పుడు

పిల్లలు పడని పాఠశాల యెచటను లేదు. పడుదురు, లేతురు, మోకాలు గీచికొందురు, తల్లికి చూపి రెండు నిమిషము లేడ్చి మరల పరుగెత్తుదురు. ఇందు చింతింపవలసినది లేదు. ఎముక విఱిగినను పిల్లలకు త్వరగా అతుకును. మణికట్టు దగ్గఱ చిట్లిన యెముక మూడు నాలుగు వారములలో గట్టిపడి, కొంచెము వంకర నిలిచినను బిడ్డ పెరుగుచుండగా తనంతట తానే సరియగును. ఈ యనుభవ మనేక కుటుంబములకు గలదు. కావుననే పిల్లల యెముక విఱిగిన దనగానే మనకు భయముకంటె ధైర్యమే యెక్కువ. ఆ ధైర్యము చెల్లని విఱుపొకటి గలదు. అది మోచేతికి కొంచెము పైగా దండయెముక విఱుగుట. దానిని గూర్చి తలిదండ్రు లెఱుగవలసిన సంగతులను ఈ సంచికలో వ్రాయవలెనని తలచితిని.

నేను వైద్యుడను గాను. చికిత్స చేయువాడు వైద్యుడే. కాని వైద్యుని యొద్దకు చేరులోపల గడచు గంటలును, చికిత్స ముగిసి యింటికి వచ్చిన పిదప గడచు వారములును మన చేతిలోనివి. కీడు జరుగుట పెక్కుసార్లు ఆ కాలములందే.

ఈ విఱుపు ముఖ్యముగా ఐదేండ్లు మొదలు ఏడేండ్లవఱకు గల పిల్లలకు వచ్చును. పెద్దల కిది యరుదు. పిల్లల మోచేతి విఱుపులన్నిటిలో సగమునకు మించి యిదియే. ఊయలనుండి, పిట్టగోడనుండి, మామిడికొమ్మనుండి, సైకిలుమీదినుండి, మంచముమీదినుండి గూడ పడి బిడ్డలు దీనిని తెచ్చుకొందురు. కుడిచేతికంటె ఎడమచేతి కెక్కువగా వచ్చుననియు లెక్కలు చెప్పుచున్నవి. వేసవి సెలవులలో మన తోటలలో మామిళ్లు పండు కాలము దీనికిని కాలమే.

ఈ యెముక అక్కడనే యేల విఱుగును? భుజమునుండి మోచేతివఱకు వచ్చు దండయెముక నడుమ గుండ్రముగా కఱ్ఱవలె నుండును. క్రిందికి వచ్చుకొలది తెడ్డువలె వెడల్పై పలుచబడును. ఆ వెడల్పు భాగమున ముందొక గుంట, వెనుక నొక గుంట యుండును. చేయి చాచినప్పుడు ముంజేతి యెముక మొన వెనుక గుంటలో వచ్చి కూర్చుండును. ఈ రెండు గుంటల నడుమ నుండు యెముక మిక్కిలి పలుచని రేకు. ఐదాఱేండ్ల బిడ్డలకు కీళ్ల కట్టులు సాగునట్టివి. అందుచే చేయి చాచినప్పుడు మోచేయి తిన్నగా నిలువక కొంచెము వెనుకకు గూడ వంగును. బిడ్డ పడుచు చేయి చాచి నేల నానును. శరీరభార మంతయు దానిపై బడును. అప్పుడు ముంజేతి మొన వెనుక గుంటలో జొచ్చి, గడ్డపాఱతో రాతిని పెకలించునట్లు ఆ పలుచని చోటును పెకలించును. ఎముక అక్కడ విఱుగును; క్రింది ముక్క వెనుకకు పోవును; పై ముక్క యొక్క వాడియంచు ముందుకు వచ్చును. నూటికి తొంబదియైదుకు పైగా విఱుపు లీ రీతివే.

ఇంతవఱకు ఎముకను గూర్చి చెప్పితిని. ప్రమాదము ఎముకలో లేదు. ఆ వాడియంచునకు ముందున్న దానిలో గలదు. చేతికి రక్తము గొనిపోవు పెద్దధమని మోచేతి మడతయందు సరిగా ఆ విఱుపునకు ముందు భాగముననే పోవును. దాని ప్రక్కనే వ్రేళ్లను కదలించు నరమొకటి పోవును. మఱి రెండు నరములు అటునిటు ఎముకను రాచుకొనుచు పోవును. ముందుకు దూసికొని వచ్చిన యెముక యంచుమీద ఈ ధమని, బావిగట్టు అంచున లాగిన త్రాడువలె బిగిసి మడతపడవచ్చును, ఒక్కొకప్పుడు ముక్కల నడుమ చిక్కుకొనవచ్చును, అరుదుగా తెగవచ్చును. దీనికి తోడు విఱిగిన చోట రక్తము కాఱి, మోచేయి యొకటి రెండు గంటలలో బుడగవలె వాచును. ముంజేతి కండరములు గట్టి పొరల సంచులలో నుండును. ఆ పొర సాగదు. లోపల వాపు పెరిగినకొలది సన్నని రక్తనాళములు నలిగి కండరములకు రక్తము అందదు. రక్తమందని కండరము ఆఱు మొదలు ఎనిమిది గంటలలో చచ్చును. చచ్చిన కండరము మరల బ్రదుకదు. అది గట్టి నారగా మాఱి కుంచించుకొనిపోయి వ్రేళ్లను లోపలికి లాగివేయును. ఎముక యతుకుటకు మూడు వారముల గడువున్నది. రక్తమునకు గడువు గంటలు మాత్రమే.

ఈ కుంచించుకొనుటను 1881వ సంవత్సరమున జర్మనీదేశపు హాలే నగర శస్త్రవైద్యుడు రిచర్డు ఫాన్ ఫోల్క్‌మన్ వివరించి వ్రాసెను. దాని కాతని పేరే నిలిచినది. అతడు ప్రధానముగా నిందించినది బిగింపు కట్టును. విఱిగిన చేతిపై, వాపు రానున్న దను సంగతి మఱచి, చుట్టును గట్టిగా కట్టు బిగించినచో లోపలి వాపునకు పోవుటకు చోటులేక అది రక్తమును నొక్కివేయును.

చాల యేండ్లక్రిందట నా తరగతిలో నొక బాలు డుండెను. చెట్టుమీదినుండి పడి మోచేయి విఱుగగా, పడిన నాటి సాయంకాలమే యొకచోట కట్టు కట్టించిరి. ఎవరు కట్టిరి, ఎచట కట్టిరి యనునది చెప్పను. చెప్పుటవలన ఫలము లేదు. బిడ్డ రాత్రియంతయు ఏడ్చెను. కట్టినచోట నొప్పి సహజమే యని యింటివా రూరడించిరి. మూడవనాటికి ఏడ్పు తగ్గెను. నయమగుచున్న దనుకొనిరి. వాస్తవమున నొప్పి తెలుపు నరమే మొద్దుబాఱినది. వాడు బడికి మరల వచ్చినప్పుడు మణికట్టు క్రిందికి వంగి, వ్రేళ్లు పక్షిగోళ్లవలె ముడుచుకొని యుండెను. మణికట్టును ఇంకను వంచినచో వ్రేళ్లు కొంచెము విచ్చును. మణికట్టు నెత్తినచో వ్రేళ్లు మరల ముడుచుకొనును. ఇది ఫోల్క్‌మన్ చెప్పిన లక్షణమే. ఎముక మాత్రము చక్కగా అతికినది. వాడిప్పుడు కుటుంబము గలవాడు. అంగడి లెక్కలు ఎడమచేత వ్రాయును.

బిగింపు కట్టు కీడను మాట పరదేశమునుండి వచ్చిన క్రొత్తమాట యని యెవరును తలపరాదు. సుశ్రుతసంహితయందు విఱిగిన యెముకలకు వేఱుగా అధ్యాయములే కలవు. కీలు తొలగుట ఆఱు విధములనియు, ఎముక విఱుగుట పండ్రెండు విధములనియు అందు విభజింపబడినవి. మఱ్ఱి, రావి, మేడి, మోదుగు మున్నగు చెట్ల పట్టలతోను వెదురుతోను ఆధారము గట్టుమని చెప్పి, కట్టు వదులైనచో కీలు నిలువదనియు, బిగువైనచో వాపు, నొప్పి, చీము గలుగుననియు, కావున రెంటికి నడుమగా కట్టుమనియు సుశ్రుతుడు విధించెను. అంతటితో విడువక, కట్టును చలికాలమున ఏడునాళ్ల కొకసారి, సమకాలమున ఐదునాళ్ల కొకసారి, వేసవిలో మూడునాళ్ల కొకసారి విప్పి కట్టుమని కాలమును గూడ నిర్ణయించెను. కట్టి మఱచిపోవు పద్ధతి మన ప్రాచీనులది కాదు.

ఇచట పుత్తూరు కట్టును గూర్చి చెప్పక తప్పదు. మన యిండ్లలో ఎముక విఱిగిన దనగానే ముందు వచ్చు పే రదియే. తిరుపతినుండి చెన్నపట్టణము పోవు త్రోవలో నున్న పుత్తూరునకు సమీపమున రాచపాళెము గ్రామమున రాజుల కుటుంబము తరతరములుగా ఈ వైద్యము చేయుచున్నది. ఆ యూరి పేరును మన రాజపాళయము పేరును ఒకే మాట యగుటచేతను, ఆ కుటుంబము మనవంటి తెలుగు కుటుంబమగుటచేతను మనకా వైద్యముపై నొక బంధుభావము గూడ గలదు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ — ఇవి దాని సాధనములు. ఆంధ్రదేశమునుండియే గాక తమిళనాడునుండియు జనులు అచటికి పోవుచుందురు. పెద్దవారి యెముక కదలక చిట్లినప్పుడు దానిని కదలకుండ నిలిపియుంచినచో అది యతుకును. నిలుపునది వెదురైనను ప్లాస్టరైనను ప్రకృతి యొకటే పని చేయును. ఆ వైద్యమునకు వచ్చిన కీర్తి యూరక వచ్చినది గాదు. అయితే మన ప్రాంతములలో వీధివీధిని కనబడు పుత్తూరు కట్టు బోర్డులకన్నిటికిని పుత్తూరుతో సంబంధ మున్నదని నమ్మనక్కఱలేదు.

నా యభిప్రాయ మేమనగా: ముక్కలు తొలగిన బిడ్డ మోచేయి నాటుకట్టునకు తగిన విఱుపు గాదు. కట్టువాని నేర్పు తక్కువ యని కాదు. చేతితో తడవి చూచినంత మాత్రమున ధమని యెచట నొత్తుకొనుచున్నదో తెలియదు. ఎక్స్‌రే లేక ముక్క తిరిగినదో లేదో తెలియదు. సరిచేసిన ముక్కను బయటి బద్దతో అచట నిలుపుట యసాధ్యము. సంజీవికొండ నీడలో బ్రదుకు మనకు మూలికలపై నమ్మక ముండుట సహజమే. కాని యెంత గొప్ప మూలికయైనను మడతపడిన ధమనిని విప్పజాలదు.

బిడ్డ పడి మోచేయి పట్టుకొని యేడ్చుచు, ఆ చేతిని కదలింపనీయనప్పుడు ఏమి చేయవలెను? మొదట గాజులు, ఉంగరము, మణికట్టు త్రాడు తీసివేయవలెను. వాపు వచ్చిన పిదప అవి రావు. చొక్కా చేయి బిగుతుగా నున్నచో కత్తిరింపవలెను. చేయి యే వంపున నున్నదో ఆ వంపుననే, తిన్నగా లాగక, పూర్తిగా మడువక, రెండు వార్తాపత్రికలు మడిచి దొన్నెవలె చేసి క్రింద నుంచి, పైపంచతో వదులుగా చుట్టవలెను. పలక అట్టయైనను చాలును. పిమ్మట మెడనుండి వ్రేలాడు జోలెలో చేతిని ఉంచవలెను. వ్రేళ్లకొనలు మాత్రము బయటికి కనబడవలెను. కీలు తొలగినదేమో యని చేతిని లాగి చూచు పెద్దలు ప్రతి వీధిలోను ఒకరుందురు. వారిని దూరముగా నుంచవలెను. చర్మము చీలి రక్తము వచ్చుచున్నచో శుభ్రమైన గాజుగుడ్డ కప్పవలెను. మన పొరుగున ఛత్రపట్టిలో మగ్గములపై నేయు గుడ్డ దేశమందలి ఆస్పత్రులకు పోవుచుండ, మన యిండ్లలో నొక చుట్టైన లేకుండుట సబబు గాదు.

తరువాత బిడ్డకు తినుట కేమియు నీయరాదు. ఇది తల్లులకు కష్టము. ఏడ్చు బిడ్డకు కాఫీయో బిస్కత్తో ఇచ్చి యోదార్చుట మన యలవాటు. మత్తుమందు ఇచ్చుటకు కడుపు ఖాళీగా నుండవలెను. లేనిచో వాంతియై ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము గలదు. అన్నము, పాలు, పాలు కలిపిన కాఫీ తీసికొన్న పిదప ఆఱు గంటలు, మంచినీరు త్రాగిన పిదప రెండు గంటలు వైద్యులు వేచియుండవలసి వచ్చును. బస్సుస్టాండులో కొనిపెట్టిన యొక ఇడ్డెన శస్త్రచికిత్సను రాత్రికి త్రోయగలదు. బిడ్డ చివర నేమి తినెనో, ఎన్ని గంటలకు తినెనో ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది.

త్రోవలో పావుగంట కొకసారి చేతిని చూడవలెను. గోరును నొక్కి విడిచినచో తెల్లబడి రెండు క్షణములలో మరల ఎఱ్ఱబడవలెను. రెండవ చేతితో పోల్చుచు వెచ్చగా నున్నదా, చల్లబడుచున్నదా యని తాకి చూడవలెను. మణికట్టున బొటనవ్రేలి ప్రక్క నాడి యున్నదా యని పట్టి చూడవలెను. వ్రేళ్లు కదలించుటకు పిల్లల ఆటయే పరీక్షగా నుపయోగించును: రాయి, కాగితము, కత్తెర. పిడికిలి పట్టుట యొక నరము పని. వ్రేళ్లు, మణికట్టు పైకెత్తి చాచుట రెండవ నరము పని. కత్తెరవలె వ్రేళ్లు విప్పుట మూడవ నరము పని. తుదకు బొటనవ్రేలికొనను చూపుడువ్రేలికొనతో చేర్చి గుండ్రని సున్న చుట్టుమనవలెను. సున్న గుండ్రముగా రాక, కణుపులు వంగక వ్రేళ్ల మెత్తలు మాత్రము తాకుచున్నచో, ఈ విఱుపున తఱచుగా దెబ్బతిను నరపు శాఖ పనిచేయుట లేదన్నమాట. వైద్యులు సైతము ఈ యాటతోనే పరీక్షింతురు. ముక్కలు తొలగిన విఱుపులలో సుమారు పదింట నొకరికి నర మొకటి నొచ్చుకొనును. భయపడనక్కఱలేదు, చాలవఱకు మూడు నుండి ఆఱు నెలలలో తనంతట తిరిగి వచ్చును. అయితే చికిత్సకు ముందే చూచి వ్రాసియుంచుట ముఖ్యము. లేనిచో నది ముందే పోయినదా, చికిత్సలో పోయినదా యను వివాదము పుట్టును.

భాషను గూర్చి యొక మాట. మన బిడ్డలు వీధిలో తమిళము చక్కగా మాటలాడుదురు. కాని నొప్పిలో నున్న ఐదేండ్ల బిడ్డ నోట వచ్చునది యింటి తెలుగే. బిడ్డ “తిమ్మిరెక్కింది” అన్నచో ఆస్పత్రిలోని దాదికి అది తెలియకపోవచ్చును. “మరత్తుప్పోచ్చు” అని తల్లియో తండ్రియో వెంటనే చెప్పవలెను. తిమ్మిరి యనునది ఈ వ్యాధిలో చిన్నమాట కాదు.

ఎచటికి పోవలెను? 108 వాహనమునకు చెప్పినచో వారే తగిన చోటికి గొనిపోదురు. మనవారు కారులో పోవుచో ముందు టెలిఫోనులో మూడు ప్రశ్నలడుగుట మేలు: ఎముకల శస్త్రవైద్యు డిప్పు డున్నాడా, చిన్నపిల్లలకు మత్తిచ్చు వైద్యు డున్నాడా, శస్త్రచికిత్స చేయుచుండగానే ఎక్స్‌రే చూపు యంత్ర మున్నదా. మూడును ఒకేచోట నున్న ఆస్పత్రికే పోవలెను. మదురలోని ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రి మనవారికి చిరపరిచితము. 2022లో విరుదునగరమున ప్రభుత్వ వైద్యకళాశాల తెఱవబడినది. చేయి తెల్లబడి చల్లగా నున్నచో మాత్రము దూరపు ఆస్పత్రి ప్రతిష్ఠను చూడక, దగ్గఱనున్న సమర్థుని యొద్దకే పోవలెను.

ఆస్పత్రిలో ముందు ఎక్స్‌రే తీయుదురు. పిల్లల మోచేతి ఎక్స్‌రేను చదువుట పెద్దవారి దానివలె సులభము గాదు. పుట్టిన బిడ్డ మోచేయి చాలవఱకు మృదులాస్థి. అది ఎక్స్‌రేలో కనబడదు. సుమారు ఏడాది వయస్సు మొదలు పండ్రెండవ యేటివఱకు ఆఱు అస్థికేంద్రములు ఒకదాని తరువాత నొకటి యచట గట్టిపడుచు కనబడును. అలవాటు లేనివాడు దానిని చూచి ముక్క యనుకొనవచ్చును. విఱిగిన ముక్కను చూచి కేంద్ర మనుకొనవచ్చును. వైద్యుడు బాగున్న చేతికి గూడ ఎక్స్‌రే తీయుమన్నచో వృథావ్యయ మనుకొనరాదు, పోల్చి చూచుటకే.

1959లో అమెరికా వైద్యుడు గార్ట్‌లండ్ ఈ విఱుపులను మూడు తరగతులుగా విభజించెను. నేటికిని అదియే వాడుకలో నున్నది. మొదటి తరగతిలో ఎముక చిట్లినది కాని తొలగలేదు. దానికి మన యూర మావుకట్టు అనబడు ప్లాస్టరు మూడు వారములు చాలును. రెండవ తరగతిలో ముందుభాగము తెఱచుకొని వెనుకభాగము బెసకక నిలిచియుండును. మూడవ తరగతిలో ముక్కలు పూర్తిగా విడిపోవును. ఈ మూడవదే యింతవఱకు చెప్పిన భయములకు మూలము.

దీని చికిత్సలో వైద్యులు చాలకాల మొక చిక్కులో నుండిరి. డచ్చి సైన్యవైద్యుడు మాథైసెన్ 1852 ప్రాంతమున ప్లాస్టరుకట్టును ప్రచారములోనికి తెచ్చెను. 1895లో రోంట్‌గెన్ ఎక్స్‌రేను కనుగొనెను. ముక్కను చక్కజేసి ప్లాస్టరు వేయవచ్చును గదా యని తోచును. కాని వెనుకకు పోయిన ముక్క మరల జాఱకుండ నిలువవలెనన్నచో మోచేతిని బాగుగా మడిచి యుంచవలెను. బాగుగా మడిచినచో వాచిన మోచేతి మడతలో ధమని మూసికొనును. చేతిని విప్పినచో రక్తము వచ్చును, ఎముక జాఱును. మడిచినచో ఎముక నిలుచును, రక్తము ఆగును. ఈ సంకటమును తప్పించుకొనుటకై బిడ్డను మంచముమీద పండబెట్టి, చేతికి బరువులు వ్రేలాడగట్టి, వారములకొలది యుంచు పద్ధతి యుండెను. 1939లో డన్లప్ అను వైద్యుడు ప్రకటించిన పద్ధతి అట్టిదే. ఐదేండ్ల బిడ్డను రెండు మూడు వారములు మంచమున కట్టియుంచుట యెట్టిదో తల్లులు ఊహింపవచ్చును.

ఆ చిక్కును విడదీసినది సన్నని యుక్కుకమ్మి. 1909లో జర్మనీ శస్త్రవైద్యుడు మార్టిన్ కిర్ష్నర్ ప్రవేశపెట్టుటచే దానికాతని పేరే వచ్చినది. మందము సుమారు ఒకటిన్నర మొదలు రెండు మిల్లిమీటర్లు. నేడు జరుగు చికిత్స యిది. బిడ్డకు పూర్తిగా మత్తిచ్చి, యంత్రము తెరమీద ఎముకను చూచుచు, వైద్యుడు చేతితోనే ముక్కలను చక్కజేయును. కోత లేదు. పిమ్మట చర్మముగుండ రెండు మూడు కమ్ములను ఎముకలోనికి దూర్చి ముక్కను నిలుపును. ఎముకను కమ్ములు పట్టియుంచును గనుక మోచేతిని మిక్కిలి మడువనక్కఱ లేదు. లంబకోణముకంటె తక్కువ వంపులో, వాపునకు చోటుంచి, వెనుకవైపు అరప్లాస్టరు మాత్రము వేయుదురు. కమ్ముల కొనలు చర్మముపైన వంచి విడుతురు. తలిదండ్రులు కమ్మి యనగానే బెదరి, కట్టుతోనే సరిపెట్టరాదా యని వైద్యుని బతిమాలుట గలదు. సత్యమేమనగా, మూడవ తరగతి విఱుపునకు కమ్మియే మృదువైన చికిత్స; కట్టు మాత్రమే కఠినమైనది.

ముక్కలు చక్కబడగానే ధమని విడివడి, లేని నాడి తిరిగి వచ్చుట తఱచు. నాడి రాకున్నను చేయి వెచ్చగా, ఎఱ్ఱగా నున్నచో ప్రక్కనాళములగుండ రక్తము వచ్చుచున్న దని భావించి, ఆస్పత్రిలో నుంచి జాగ్రత్తగా కనిపెట్టుదురు. తెల్లగా, చల్లగా నున్నచో మాత్రము కోసి ధమనిని చూడవలసినదే. రక్తము చక్కగా ఆడుచు, నరములు బాగున్న బిడ్డకు అర్ధరాత్రమున గాక తెల్లవాఱిన పిదప శస్త్రచికిత్స చేయుదమని వైద్యుడన్నచో అది యలక్ష్యము గాదు. ఆ రాత్రి చేతిని కనిపెట్టియుందురా యని మాత్ర మడుగవలెను.

ఇంటికి వచ్చిన పిదప మొదటి రెండు దినములు మెలకువ గలవి. చేతిని దిండ్లమీద గుండెకు పైయెత్తున ఉంచవలెను. వ్రేళ్లను ఆడింపజేయవలెను. నొప్పి దినదినము తగ్గవలెను. తగ్గక పెరుగుచున్నచో, మందిచ్చినను ఊరట లేక మాటిమాటికి మం దడుగుచున్నచో, బిడ్డ నిలుకడ లేక దొర్లుచున్నచో, ముడిచిన వ్రేళ్లను మెల్లగా చాపగానే ముంజేతిలో కేక వేయునంత నొప్పి కలిగినచో, అది అల్లరి గాదు. తెల్లవాఱువఱకు ఆగరాదు. కట్టు కట్టిన దెవరైనను, ప్లాస్టరైనను వెదురైనను, దానిని చర్మము కనబడువఱకు నిలువున విప్పించవలెను. అంతటితో తగ్గనిచో శస్త్రవైద్యుడు ముంజేతి పొరను కోసి వాపునకు త్రోవ కల్పించును; ఆ గాటు మచ్చ నిలిచినను చేయి దక్కును.

మూడు నాలుగు వారములకు కమ్ములను తీసివేయుదురు. సాధారణముగా దీనికి మత్తక్కఱలేదు. అంతవఱకు కమ్ములున్న చోట నీరు తగులనీయరాదు. పండుగ యని తలంటరాదు.

కట్టు విప్పిననాడు మోచేయి బిఱుసుగా నుండి, పూర్తిగా చాపుటకును మడుచుటకును రాదు. ఇచట నానమ్మలు, అమ్మమ్మలు, నువ్వులనూనె గిన్నె ప్రవేశింతురు. వారి ప్రేమను శంకింపను. కాని మోచేతికి నూనె రాచి గట్టిగా పిసుకుట, లాగి చాపుట, ఇసుకసంచి పట్టించి నడిపించుట — ఇవి మోచేతిని బాగుచేయక చెఱచును. బలవంతముచే కండరములో రక్తము కమ్మి, అచట క్రొత్తగా ఎముక పెరిగి, కీలు ఇంకను బిగియవచ్చును. పిల్లల మోచేతికి మందు బిడ్డయొక్క ఆటయే. అన్నము తినుట, చొక్కా తొడుగుకొనుట, బంతి విసరుట — వీనితో కొన్ని నెలలలో వంపు తనంతట వచ్చును. పైపూతగా నూనె రాచి, వ్రేళ్లతో మెల్లగా నిమిరినచో దోషము లేదు. కాని మోచేయి జోలికి పోకుండుటయే క్షేమము.

వంకరను గూర్చి రెండు మాటలు. ముక్క తిరిగి యతికినచో మోచేయి శరీరమువైపు వంగి, తుపాకి మడమవలె కనబడును. ముందు చెప్పిన మణికట్టు వంకరవలె ఇది పెరుగుటలో సరిపడదు. ఏలయనగా దండయెముక పొడవు పెరుగుటలో మోచేతి కొనది అయిదవ వంతు మాత్రమే, మిగిలినది భుజపుకొనది. ఆ వంకరను పోగొట్టవలెనన్నచో పెద్దయైన పిదప ఎముకను కోసి నిలుపవలెను. అది ప్రాణభయము గలది గాదు. ఆ చేతితో పనులన్నియు చేయవచ్చును. అయినను ఆడపిల్లల తలిదండ్రులు దానిని గూర్చి పెండ్లినాటివఱకు దుఃఖించుట చూచుచున్నాము.

మోచేతి వెలుపలిప్రక్క కణుపు విఱుగుట మఱియొకటి గలదు. పిల్లలలో రెండవస్థాన మీ విఱుపుదే. ఇందు వాపు స్వల్పము, నొప్పి స్వల్పము. కావున బెణుకని విడిచిపెట్టుదురు. కొంచెము తొలగినను అది యతుకక నిలిచి, మోచేయి వెలుపలికి వంగి, ఇరువదేండ్ల తరువాత చిటికెనవ్రేలివైపు నరము సాగి తిమ్మిరెక్కి చేతిబలము తగ్గవచ్చును. పడిన రెండవనాటికి గూడ బిడ్డ మోచేతి వెలుపలిప్రక్క ముట్టనీయనిచో ఎక్స్‌రే తీయింపవలెను.

బడి సంగతి. కమ్ములున్న బిడ్డ నొప్పి తగ్గిన వారమునకే తరగతికి రావచ్చును. చదువు చెడగొట్టుకొన నక్కఱలేదు. జోలె తీయరాదు, ఆటస్థలమునకు పోరాదు. వ్రాయుచేయి కట్టులో నున్నచో నోటిపాఠముతో సరిపెట్టవచ్చును. కమ్ములు తీసిన పిమ్మట పరుగుపందెములకు, చెట్లెక్కుటకు, సైకిలునకు వైద్యుని యనుమతి వచ్చువఱకు తొందరపెట్టరాదు. క్రొత్తగా అతికిన చోటు మరల విఱుగవచ్చును. వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీని తరగతి యుపాధ్యాయునికి చూపినచో, ఆటల పీరియడులో బిడ్డను ఎచట కూర్చుండబెట్టవలెనో వారు చూచుకొందురు.